బ్రాకెట్ ఎవరు పెట్టిన్రు

ఎనిమిదో తరగతి, బి సెక్షన్.
గడియ ఊడిన తలుపుకు ఇటుక అడ్డం.
కొండమల్లేపల్లి బస్సుల హారన్లన్నీ
మా గదిలోకే వచ్చి ఆగుతాయి.

బోర్డు మీద రాశాను: 2 + 3 × 4

ఇరవై, అని ఒక్క గొంతుతో అరిచారు.
ఎడమనుంచి చదవడం నేర్పిందీ మేమే మరి.
పద్నాలుగు, అన్నాను.
జహీర్ లేచి నిలబడ్డాడు,
వాళ్ళన్న కిరాణం కొట్టు క్యాలిక్యులేటర్
ఎప్పుడు సంచిలో వేసుకొచ్చాడో:
"చూడున్రి మేడం, ఇదిగూడ ఇరవయ్యే అంటాంది."
మిషను వాడి వైపు. క్లాసు వాడి వైపు.
నా వైపు చాక్‌పీసు ముక్క ఒక్కటే.

సరేరా జహీర్,
పొద్దున గల్లాపెట్టెల రెండు రూపాయలున్నయి.
నాలుగు రూపాయల బిస్కెట్ పూడలు
మూడు అమ్మినవు.
ఇప్పుడెంత?
వేళ్ళు ముడిచాడు, విప్పాడు.
"పద్నాలుగు..."
మరి నీ మిషను ఇరవై అంటాందేంది?
గల్లాపెట్టెల ఉన్న రెండు రూపాయలు
పూడ పూడకూ పిల్లలు పెడతయా?
నవ్వులకు ఇటుక కూడా జరిగింది.
ముందు గుణకారం, తర్వాతే కూడిక,
బ్రాకెట్ ఉంటే అన్నిటికన్నా ముందు బ్రాకెట్టే,
అని రాసుకున్నారు, కింద రెండు గీతలు గీసుకుని.

ఇక్కడితో పాఠం అయిపోవాలి.

గంట కొట్టాక
వడ్త్య సింధుజ బల్ల దగ్గర నిలబడింది.
నాలుగు రోజులు బడికి రాలేదు,
పత్తి ఏరి ఏరి గోళ్ళ చుట్టూ చర్మం చీరుకుపోయి ఉంది.
కంపాస్ బాక్సులోంచి
ఎనిమిది మడతల కాగితం తీసింది.
తక్‌పట్టీ.
పదహారు సంచులు.
సంచికి నలభై అయిదు కిలోలు.
తరుగు, రెండు.

"మా నాయిన ఏడువందల పద్దెనిమిది అనుకున్నడు మేడం.
వాళ్ళు ఆరువందల ఎనభై ఎనిమిదికే పైసలిచ్చిన్రు.
లెక్క తప్పిందా?"

తప్పలేదు.
రెండు లెక్కలూ చేసి చూపించాను.
16 × 45 − 2, ఇది మీ నాయినది.
16 × (45 − 2), ఇది వాళ్ళది.
రెండూ కరెక్టే, సింధూ.
నడుమ ముప్పై కిలోలు.
కిలో అరవై ఎనిమిది.
రెండువేల నలభై రూపాయలు
రెండు చిన్న వంకర గీతల మధ్య.

ఆ పిల్ల కాగితాన్ని ఇటు తిప్పింది, అటు తిప్పింది,
వెనక్కి తిప్పి కూడా చూసింది.
"మరి దీని మీద బ్రాకెట్ లేదు గద మేడం.
ఎవరు పెట్టిన్రు?"

పాతికేళ్ళుగా చెబుతున్నాను ఈ పాఠం.
ఈ వరుస ఆకాశం నుంచి ఊడిపడలేదనీ,
అందరికీ ఒకే జవాబు రావాలని
మనుషులు కూర్చుని ఒప్పుకున్న మాటనీ
చెప్పబోయాను.
"ఒప్పుకున్న" దగ్గర నాలుక ఆగింది.
కాగితం కింద మూలన
ఆమె తండ్రి బొటనవేలు,
నీలం సిరాలో, కొంచెం పక్కకి జారి.

బస్సు పోతుందని పరిగెత్తింది సింధుజ.
జవాబు నా దగ్గరే ఉండిపోయింది,
జవాబు అనగలిగితే.

యూనిట్ టెస్టులో ఆమెకు ఇరవైకి పదిహేను.
భాగహారం దగ్గర మళ్ళీ ఎడమనుంచి ఉరికింది.
పక్కన ఎర్రపెన్నుతో సున్నా చుడుతుంటే
కింద పెన్సిల్‌తో రాసిన వాక్యం కనిపించింది,
ప్రశ్నకు సంబంధం లేనిది:

"మొన్న శనివారం రెండో ఏరుడు పత్తి తీస్కపోయినం మేడం.
కాంటా ఎక్కకముందే అడిగిన,
తరుగు సంచికా, మొత్తానికా అని.
గుమస్తా పెన్ను ఆపి నా దిక్కు చూసిండు.
నీదే క్లాసు అన్నడు."

దానికి ఎన్ని మార్కులు వేయాలో
పేపరు చివర ఎక్కడా లేదు.